మార్చి చివరలో కజాన్‌కు వస్తున్నాము: బరువైన కోట్లు తెచ్చుకోవాలా?

ప్రశ్న

నమస్కారం. ఐటీ ఉద్యోగరీత్యా నేను, నా భార్య, ఐదేళ్ల మా అమ్మాయి మార్చి చివరి వారంలో హైదరాబాదు నుంచి రష్యాలోని కజాన్‌కు వస్తున్నాము. మాకు అద్దెకు కుదిరిన ఫ్లాటు బౌమన్ వీధికి దగ్గరలో, ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. అప్పటికి వసంతం వచ్చేస్తుంది కనుక బరువైన చలికోట్లు దండగ అని ఒకరు, మే నెల వరకు వాటిని విప్పలేరని మరొకరు చెబుతున్నారు. విమానంలో సామాను బరువుకు పరిమితి ఉంది కాబట్టి ఏది ఇక్కడి నుంచి తేవాలో, ఏది అక్కడ కొనుక్కోవాలో తేల్చుకోలేకపోతున్నాము. ఇంట్లో చలి ఎలా ఉంటుంది, పాపను బయట ఆడుకోనివ్వవచ్చా అన్నవి నా భార్య సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (ఎనిమిదేళ్లుగా కజాన్‌లో ఉద్యోగం)

మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు, కాకపోతే ఇద్దరూ కోటు గురించే ఆలోచించారు. ఇక్కడి వసంతంలో కొత్తవారిని ఇబ్బంది పెట్టేది గాలి కాదు, నేల. నవంబరు నుంచి పేరుకున్న మంచు పగటి ఎండకు కరిగి, రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగగానే మళ్లీ గడ్డకట్టి, మర్నాడు ఉదయం మనం ఆఫీసుకు బయలుదేరే వేళకు కాలిబాటంతా గాజు పలకలా తయారవుతుంది. మధ్యాహ్నానికి అదే మంచు, దానిపై చల్లిన ఇసుకతోను ఉప్పుతోను కలిసి గోధుమరంగు బురద అవుతుంది. రష్యన్లు దీన్ని ‘స్ల్యాకత్’ అంటారు. చూస్తే దమ్ము చేసిన వరిమడి గుర్తుకు వస్తుంది గాని, అందులో కాలు పెడితే ఆ జ్ఞాపకం అక్కడితో ఆగిపోతుంది.

అందువల్ల మనిషికి ఒక కోటు చాలు. డబ్బంతా నీరు చొరబడని, అడుగున లోతైన గాడులున్న బూట్ల మీద పెట్టండి. ఉన్ని మేజోళ్లు పట్టేలా అర సైజు పెద్దవి తీసుకోవాలి. వాటిని ఇక్కడే కొనడం మంచిది, కానీ ఒక చిక్కుంది: 2022 మార్చి నుంచి విదేశాల్లో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డు కార్డులు రష్యాలో పనిచేయడం లేదు. ఇక్కడి బ్యాంకులో ఖాతా తెరిచి, రష్యా సొంత చెల్లింపు కార్డు అయిన ‘మీర్’ వచ్చేదాకా సరిపడా నగదు దగ్గర ఉంచుకోండి.

ఇంకొక మాట. మీరు ఉండబోయేది పాత భవనాల పేట కనుక కప్పుల అంచులనుంచి వేలాడే మంచు కడ్డీలను, ఒక్కసారిగా జారిపడే మంచు పెళ్లలను తేలికగా తీసుకోవద్దు. గోడ వెంబడి ఎరుపు తెలుపు పట్టీ కట్టి ఉంటే, ఎంత ఆలస్యమైనా సరే, చుట్టూ తిరిగే వెళ్లాలి. నా మొదటి వసంతంలో నేను ఆ పట్టీ దాటి వెళ్లబోతే ఒక పెద్దావిడ చేయి పట్టుకుని వెనక్కి లాగి, నాకు ఒక్క ముక్క అర్థం కాని రష్యన్‌లో రెండు నిమిషాలు చీవాట్లు పెట్టింది.

జవాబు 2 (వైద్య విద్యార్థిని, నాలుగో సంవత్సరం)

ఇంటి సంగతి నేను చెబుతాను. మార్చిలో ఇంట్లో చలి ఉండదు సరికదా, ఉక్కపోస్తుంది. ఇళ్లను వెచ్చబెట్టే నీరు నగరమంతటికీ కేంద్రీకృతంగా వస్తుంది, చాలా పాత భవనాల్లో దాన్ని మన ఇష్టప్రకారం తగ్గించుకునే మీట ఉండదు. బయట మంచు కురుస్తుండగా కిటికీ పైన ఉండే ‘ఫోర్తచ్కా’ అనే చిన్న తలుపు తెరిచి, నూలు బట్టలతో కూర్చుని చదువుకోవడం మాకు అలవాటే. వరుసగా ఐదు రోజులు సగటు ఉష్ణోగ్రత ఎనిమిది డిగ్రీలు దాటాకే ఆ వేడిని ఆపివేస్తారు. ఇది సాధారణంగా ఏప్రిల్ చివర, మే మొదట్లో జరుగుతుంది. అసలు చలి ఆ తరువాతే! మే నెలలో ‘చెర్యోముఖా’ చెట్లు తెల్లగా పూసే రోజుల్లో చలి మళ్లీ తిరిగి వస్తుందని ఇక్కడివారు అంటారు. అప్పటికి గొట్టాలు చల్లబడి ఉంటాయి కనుక ఒక చిన్న విద్యుత్ హీటరు కొనుక్కోండి.

గొట్టాల మరమ్మతు కోసం మే నుంచి వేసవి అంతా ఒక్కో పేటకు ఒక్కో విడతగా వేడినీటి సరఫరాను కూడా ఆపుతారు, అది రెండు వారాల దాకా సాగవచ్చు. రష్యన్లు దీనికి విసుక్కుంటారు. మనకు పొయ్యిమీద నీళ్లు కాచుకోవడం కొత్త కాదు కాబట్టి పెద్ద గిన్నె ఒకటి ఉంటే చాలు.

ఉగాది ఏప్రిల్‌లో పడితే పచ్చడికి వేపపువ్వు గాని, పచ్చిమామిడి గాని దొరకవని ముందే మనసు సిద్ధం చేసుకోండి. మా హాస్టల్లో పుల్లని పచ్చ ఆపిల్‌ను మామిడిగా భావించుకుంటాము. చేదు మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న ఎండు వేపపువ్వుతోనే కుదురుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కోట్లలో రెండు తీసేశాము. పాప విషయం కూడా ఎవరైనా చెబితే మా ఆవిడకు నిశ్చింతగా ఉంటుంది.

జవాబు 3 (ఆరేళ్ల బాబు తల్లి)

అమ్మాయిని నిశ్చింతగా బయటికి పంపమని మీ ఆవిడకు చెప్పండి. ఇక్కడి తల్లులు మంచు కరిగే రోజుల్లో పిల్లలకు ఒళ్లంతా కప్పే నీరు చొరబడని దుస్తు, రబ్బరు బూట్లు తొడిగి గుంటల్లోకి వదిలేస్తారు. గంటసేపు దొర్లాక ఇంటికి తెచ్చి కుళాయి కింద కడిగేస్తారు. వాళ్లకు ఇది ఆట, మనకు గుండెదడ. ఒక్క టోపీ విషయంలో మాత్రం జాగ్రత్త: పిల్లకు టోపీ లేకపోతే దారిన పోయే ప్రతి బామ్మా మిమ్మల్ని నిలదీస్తుంది.

కజాంక నదిపై మార్చిలో గడ్డకట్టిన మంచు మీద రంధ్రాలు చేసి చేపలు పట్టేవారు కనిపిస్తారు. వాళ్లు కూర్చున్నారు కదా అని పాపను ఆ మంచు మీదికి దింపవద్దు. అది అప్పటికే లోపల గుల్లబారి ఉంటుంది.

మరొకటి నిద్ర. ఇక్కడ మాస్కో సమయమే పాటిస్తారు, నగరం చూస్తే మాస్కోకు చాలా తూర్పున ఉంది. దానితో మే చివరికల్లా మూడు గంటలు దాటగానే తెల్లవారిపోతుంది. పాప గదికి వెలుతురు చొరబడని మందపాటి తెరలు ముందుగానే వేసుకోండి.

మంచు పోయి గడ్డి మొలిచాక పార్కులకు, మే సెలవుల్లో పరిచయస్తుల ‘దాచా’ (ఊరి బయటి వేసవి ఇల్లు) తోటలకు వెళతారు కదా, అక్కడ పిడుదుల బెడద ఉంటుంది. మన పశువులకు పట్టే పిడుదుల వంటివే గాని, ఇక్కడివి మెదడువాపు వైరస్‌ను మోసుకురాగలవు. టీకా ఒక్క సూదితో అయ్యేది కాదు, డోసుల మధ్య వ్యవధి కావాలి, అందుకే రాగానే పిల్లల వైద్యుణ్ని అడగండి. తిరిగి వచ్చిన ప్రతిసారీ చెవుల వెనుక, చంకల్లో, జుట్టు కుదుళ్లలో వెతకాలి. పట్టుకున్నదాన్ని వేళ్లతో నలిపి పీకవద్దు, దగ్గరలోని అత్యవసర వైద్య కేంద్రానికి వెళితే తీసేసి పరీక్షకు పంపిస్తారు.