రెడ్ అలర్ట్ అంటే సంత మానుకోవాలా? అల్లూరి జిల్లా ఏజెన్సీ వాళ్లు చెప్పండి

సంత_బండి: మొన్న భారీ వాన, రెడ్ అలర్ట్ అని పొద్దుటి నుంచి ఫోన్లు ఒకటే మోత. ఆటోలో ఎక్కించిన ఉల్లిపాయ బస్తాలు దింపేసుకున్నాను. హుకుంపేటలో మా వైపు నాలుగు చినుకులు కూడా రాలలేదు. పోయిన నెల ఎల్లో అన్న రోజేమో గాలికి మా షెడ్డు రేకులు లేచిపోయాయి. ఈ రంగుల్ని నమ్మేది ఎలాగ?

పాడేరు_మాస్టారు: రంగు చెప్పేది మనం ఏం చేయాలో. ఎల్లో అంటే కనిపెట్టుకుని ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధం కమ్మని, రెడ్ అంటే ఇక వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోమని. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఈ రంగు అలర్ట్ జిల్లాకంతటికీ ఇచ్చేది, అనంతగిరి నుంచి సీలేరు దాకా ఒకటే రంగు. కింద 'ఒకటి రెండు చోట్ల' అని రాస్తారు, ఆ ముక్క ఎవరూ చదవరు. బయల్దేరే ముందు చూడాల్సింది రాబోయే మూడు గంటల వాతావరణం గురించి ఇచ్చే తక్షణ హెచ్చరిక.

సంత_బండి: ఆ ఒకటి రెండు చోట్లు ఏవి? అది చెప్పనప్పుడు హెచ్చరిక ఎందుకు?

లోయ_కాఫీ: దామిని యాప్ పెట్టుకోండి, బాగా పనిచేస్తుంది.

సంత_బండి: అది పిడుగులకి అన్నా. నేను అడిగింది వాన గురించి.

గెడ్డ_అవతల: మాకు వాన పడక్కర్లేదు మాస్టారూ. రెండేళ్ల కిందట మా మడి దగ్గర ఎండ కాస్తోంది, పైకొండ మాత్రం నల్లగా ఉంది. ఉన్నట్టుండి గెడ్డ (కొండవాగు) నీళ్లు ఎర్రబడ్డాయి, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొచ్చాయి. మోకాలి లోతు నీళ్లు చూస్తుండగానే నడుం దాటాయి. ఎద్దు ఒకటి పోయింది. సాయంత్రం సిగ్నల్ ఉండే మిట్ట ఎక్కితే అప్పుడు మెసేజ్ వచ్చింది.

పాడేరు_మాస్టారు: అందుకే ఆరెంజ్‌ని కూడా తేలిగ్గా తీసుకోవద్దంటాను. 2024 జూలై 30న కేరళలోని వయనాడ్‌లో కొండ జారింది. ముందురోజు ఉన్నది ఆరెంజే, అంచనా 115 నుంచి 204 మి.మీ. 48 గంటల్లో 572 మి.మీ. పడిందని అక్కడి అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. రెడ్ వచ్చేసరికి ఊళ్లు మట్టి కింద ఉన్నాయి.

సంత_బండి: అంటే అక్కడా తప్పిందనేగా. నా మాటే మీరు చెబుతున్నారు.

పాడేరు_మాస్టారు: అదా మీకు అర్థమైంది! ఒక్క సంత పోతే ఏమైంది, ప్రాణం కంటే ఉల్లిపాయలు ఎక్కువా?

లోయ_కాఫీ: నెమ్మదిగా మాట్లాడుకోండి.

సంత_బండి: ఎక్కువేనండీ, ఎందుకో చెబుతాను. రెడ్ అంటే బడికి సెలవు ఇస్తారు, మీ జీతం ఆగదు. నాకు వారానికి ఒకటే సంత. అవి అప్పు తెచ్చి కొన్న బస్తాలు, దింపి పెడితే చెమ్మకి అడుగున కుళ్లు పట్టింది, ఏరి పారబోసింది మా ఆవిడ. ఇంట్లో కూర్చోమని చెప్పేవాళ్లలో ఆ వడ్డీ గురించి ఒక్కరైనా అడిగారా? నాకు రంగుల మీద కోపం లేదు. మాట వింటే నష్టం ఎప్పుడూ మాకే.

పాడేరు_మాస్టారు: ఉల్లిపాయల మాట అనకూడదు, తప్పే. కానీ నా టెన్షన్ కూడా వినండి. ఒక్కోసారి సెలవు కబురు వచ్చేసరికి పిల్లలు గెడ్డ దాటి బడికి వచ్చేసి ఉంటారు. తిరిగి పంపేది ఎలాగ? పోయిన వానాకాలం పదకొండు మందిని రాత్రి తొమ్మిదింటి దాకా బడిలోనే కూర్చోబెట్టాను. అవతలి గట్టు మీద తల్లులు టార్చిలైట్లు పట్టుకుని నిలబడ్డారు. అది చూశాక నాకు ఏ రంగైనా ఒకటే భయం.

గెడ్డ_అవతల: ఆ పిల్లల్లో మా తమ్ముడి కూతురు ఉంది మాస్టారూ. బండి అన్నా, మేం మీ సంతకే వస్తాం, ఇబ్బందంతా తిరుగు దారిలోనే. పైన వాన ఎక్కువగా పట్టేది మధ్యాహ్నం దాటాక. రెడ్ అన్న రోజు సంత తెల్లారే మొదలెట్టి పన్నెండుకల్లా ఎత్తేస్తే మీ సరుకూ పోతుంది, మేమూ గెడ్డ దాటేస్తాం.

సంత_బండి: ఆరింటికే దుకాణం పరుస్తాను, మిగతావాళ్లకి కూడా చెబుతాను. కానీ పైన గెడ్డ ఎర్రబడితే కింద మాకు చెప్పేదెవరు?

గెడ్డ_అవతల: పైఊళ్లో నీళ్ల ట్యాంకు దగ్గర ఒక్కచోట సిగ్నల్ అందుతుంది. ఆ పక్కింట్లోనే మా మేనమామ. రేపు వెళ్లి ఆయనతో మాట్లాడతాను, మీ నంబర్ నాకు విడిగా పంపండి.