కీలో 1/8 ఉంది, నాకు 1/4 వస్తోంది. వర్ణాంధత లెక్క ఎవరైనా చెప్పండి

దేవరకొండ లాంగ్‌టర్మ్:
మధ్యాహ్నం నుంచి ఈ ఒక్క బిట్ దగ్గరే కూర్చున్నా. గ్రాండ్ టెస్టులో వచ్చింది. ఒకామెకు చూపు మామూలే, ఆమె తమ్ముడికి వర్ణాంధత. ఆమెకు పెళ్లయింది. వర్ణాంధత వచ్చే అవకాశం ఎంత? ఆమెను వాహకురాలిగా, అంటే చూపు బాగున్నా లోపమున్న జన్యువును మోసేదానిగా, పెట్టి పట్టిక వేశాను. నాలుగు గళ్లలో ఒక్కదాంట్లోనే వర్ణాంధత వస్తోంది, అంటే 1/4. ఎన్నిసార్లు వేసినా అదే. కీలో మాత్రం 1/8. రావాల్సిన 4 మార్కులు పోయాయి, పైన మైనస్ 1. ఇట్లాంటివి రెండు మూడు పోతే ర్యాంకు ఎక్కడికో పోతుంది. చాలా టెన్షన్‌గా ఉంది, కీ తప్పో కాదో చెప్పండి.

నల్గొండ జువాలజీ:
1/8 కరెక్ట్.

దేవరకొండ లాంగ్‌టర్మ్:
ఎట్లా అన్నా? స్టెప్స్ చెప్పండి ప్లీజ్.

మిర్యాలగూడ బైపీసీ:
1/4 యే. వర్ణాంధత జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై క్రోమోజోమ్ మాత్రమే. కాబట్టి తమ్ముడికి లోపమున్న ఎక్స్ తల్లి నుంచే రావాలి. అంటే తల్లి వాహకురాలు. తల్లి వాహకురాలైతే కూతురూ వాహకురాలే. కీ తప్పు పడింది, అబ్జెక్షన్ పెట్టు.

నల్గొండ జువాలజీ:
తల్లి వరకు కరెక్ట్. కూతురి దగ్గర తప్పు.

వనపర్తి అక్క:
ప్రశ్న సగమే పెట్టారు. ఆమె తండ్రి చూపు ఎట్లా ఉంది? భర్తకు ఎట్లా ఉంది? అడిగింది పుట్టే పిల్లలెవరికైనానా, కొడుక్కేనా? ఈ మూడూ తెలియకుండా 1/4 అని ఒకరు, 1/8 అని ఒకరు పట్టుబడితే తెగదు.

ఎందుకు అడుగుతున్నానంటే, తండ్రికి వర్ణాంధత ఉంటే ఆయనకున్న ఒకే ఒక్క ఎక్స్ కూతురికి వచ్చి తీరుతుంది. అప్పుడు ఆమె వాహకురాలని ఖాయం, 1/4 సరైనదే. తండ్రి చూపు మామూలైతే లోపమున్న ఎక్స్ ఆమెకు తల్లి దగ్గర్నుంచే రావాలి. తల్లికి రెండు ఎక్స్‌లున్నాయి, ఒకటి మంచిది, ఒకటి లోపమున్నది. తమ్ముడికి లోపమున్నది వచ్చిందని తెలుసు. అక్కకు ఏది వచ్చిందో తెలియదు. అది 1/2. మీ పట్టిక తప్పేం కాదు, దాని ముందు ఈ 1/2 ఉండాలి.

మునుగోడు మాస్టారు:
పిల్లలూ, మీ లెక్క మీరు చూసుకుంటున్నారు, సంతోషం. వంశవృక్షం గురించి నేనొక మాట చెప్పాలి. ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురికి ఒకే లోపం కనిపించగానే జన్యు సంబంధం అని రాసేయకండి. మా వైపు మర్రిగూడ, నాంపల్లి ఊళ్లలో తల్లికి, కొడుక్కి, మనవరాలికి ముందు పళ్ల మీద ఒకే తీరు గోధుమ రంగు చారలు, పంటి మీద సుద్ద రాసినట్టు తెల్ల మచ్చలు. ఆ ఇంటిని వంశవృక్షంగా గీసి ఇస్తే తరం తరంలో ఉంది కాబట్టి బహిర్గత లక్షణం, అంటే ఒక్క జన్యువున్నా బయటపడేది, అని ఎంతోమంది రాస్తారు. అది జన్యువు పని కాదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పని. శాశ్వత దంతాల ఎనామిల్ తయారయ్యే చిన్న వయసులో, అంటే దాదాపు 8 ఏళ్లలోపు, ఆ నీళ్లు తాగితే మచ్చ పడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు. ఆ ఇంట్లోకి పెద్దయ్యాక కోడలిగా వచ్చినామె పళ్లు తెల్లగా ఉంటాయి, ఆమె పిల్లలకు మచ్చలుంటాయి. అది చూసి జన్యువు మామగారి వైపు నుంచి వచ్చిందని రాస్తే ఎంత తప్పు! ఒకే రక్తం కాదు, ఒకే బోరు. పటిక, సున్నం వేసి ఆ ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు అట్లా పుస్తకాలకెక్కింది. ఇది ప్రతి బైపీసీ విద్యార్థికి తెలిసుండాలి.

మిర్యాలగూడ బైపీసీ:
సార్, ఇక్కడ అడిగింది వర్ణాంధత గురించి.

మునుగోడు మాస్టారు:
తెలుసు నాయనా. వంశవృక్షం చదవడం రాకపోతే ఏ జబ్బు ప్రశ్న వచ్చినా ఇదే ఇబ్బంది, అందుకే చెప్పాను.

దేవరకొండ లాంగ్‌టర్మ్:
ఇదిగో ప్రశ్న మొత్తం. ‘మామూలు చూపున్న దంపతులకు ఒక కూతురు, ఒక కొడుకు. కొడుకుకు వర్ణాంధత ఉంది. కూతురి చూపు మామూలే. ఆమె మామూలు చూపున్న తన మేనమామ కొడుకును పెళ్లి చేసుకుంది. వారి మొదటి సంతానానికి వర్ణాంధత వచ్చే సంభావ్యత ఎంత?’ మేనరికం కదా, లోపాలు ఎక్కువ వస్తాయి కదా అని ఆమెను కచ్చితంగా వాహకురాలిగా తీసుకున్నా.

వనపర్తి అక్క:
ఇప్పుడు కుదిరింది. తల్లిదండ్రులిద్దరికీ చూపు మామూలే, ఇదే అసలు విషయం. మేనరికం అనేది మిమ్మల్ని పక్కదారి పట్టించడానికి పెట్టిన మాట. మగవాడికి ఎక్స్ ఒక్కటే. అది లోపమున్నదైతే వర్ణాంధత బయటపడాల్సిందే, దాచుకునే వీల్లేదు. అతని చూపు మామూలంటే అతని ఎక్స్ మంచిది, మేనబావైనా పరాయివాడైనా అంతే. పైగా అతనికి ఆ ఎక్స్ వచ్చింది మేనమామ నుంచి కాదు, మేనమామ భార్య నుంచి. మేనమామకే వర్ణాంధత ఉన్నా ఆయన ఎక్స్ కొడుక్కి రాదు. మేనరికం పట్టించుకోవాల్సింది తలసీమియా, సికిల్ సెల్ లాంటి వాటిలో. వాటి జన్యువులు ఎక్స్ మీద ఉండవు, అంతర్గతాలు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ లోపమున్నవే వస్తే తప్ప జబ్బు బయటపడదు, ఆడా మగా ఎవరైనా బయటికి తెలియకుండా మోయొచ్చు. దగ్గరి చుట్టాలిద్దరూ ఒకే తాత నుంచి అదే జన్యువును తెచ్చుకుని ఉండొచ్చు.

లెక్క ఇది. ఆమె వాహకురాలు కావడానికి 1/2. పుట్టేది కొడుకు కావడానికి 1/2. ఆ కొడుక్కి లోపమున్న ఎక్స్ వెళ్లడానికి 1/2. మూడూ గుణిస్తే 1/8. మీ 1/4లో చివరి రెండూ ఉన్నాయి, మొదటిది లేదు.

మిర్యాలగూడ బైపీసీ:
సరే, ఆమె వాహకురాలు కావడానికి 1/2 అనుకుందాం. వర్ణాంధత ఆడపిల్లలకు రాదు కదా, అప్పుడు కొడుకులనే లెక్కేయాలి. 1/2 ఇంటూ 1/2, మళ్లీ 1/4 యే.

నల్గొండ జువాలజీ:
సంతానం అన్నాడు. కొడుకు అనలేదు.

గద్వాల రిపీటర్:
బిడ్డ అని అడిగితే ఇంకా కష్టం. మా దగ్గర బిడ్డ అంటే ఆడపిల్లే. అప్పుడు సున్నా పెట్టాలా?

వనపర్తి అక్క:
పేపర్లో సంతానం అనే ఉంది, అది ఇద్దరికీ వర్తిస్తుంది. కొడుకు అని అడిగితే 1/4, కూతురు అని అడిగితే 0, సంతానం అంటే 1/8. ఆడపిల్లలకు రాదనేది తప్పు. మగవాళ్లలో 8 శాతం మందికి ఉంటే ఆడవాళ్లలో 0.4 శాతం మందికి ఉంటుందని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనే ఉంది. ఈ ప్రశ్నలో కూతురికి రాకపోవడానికి కారణం తండ్రి మంచి ఎక్స్ ఇస్తాడు కాబట్టి.

గద్వాల రిపీటర్:
నీట్‌లో తెలుగు అనువాదంలో అనుమానం వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ఫైనల్. పక్కనే ఉంటుంది, చూసుకోండి. చైల్డ్ అనుందా, సన్ అనుందా అని.

మిర్యాలగూడ బైపీసీ:
తెలుగులో చదివినవాళ్లు తెలుగు ప్రశ్ననే నమ్ముతారు. అనువదించేవాళ్లే జాగ్రత్తగా ఉండాలి. కొడుకా కూతురా అని తేల్చి అడిగితే ఏం పోయింది?

నల్గొండ జువాలజీ:
ఇక్కడ తేల్చే అడిగారు.

దేవరకొండ లాంగ్‌టర్మ్:
అర్థమైంది అక్కా, థ్యాంక్స్. హీమోఫీలియాకు కూడా ఇదే పద్ధతి కదా?

వనపర్తి అక్క:
అవును, అదీ ఎక్స్ మీది అంతర్గత లక్షణమే. ముందు తండ్రి సంగతి చూడండి, తర్వాతే పట్టిక.

అచ్చంపేట బైపీసీ:
ఇదే ప్రశ్నలో మొదట మామూలు చూపున్న కొడుకు పుట్టాడనుకోండి. రెండో కాన్పుకు కూడా 1/8 యేనా?

నల్గొండ జువాలజీ:
కాదు, 1/12. మంచి చూపున్న కొడుకు పుట్టాడు కాబట్టి ఆమె వాహకురాలయ్యే అవకాశం 1/2 నుంచి 1/3కి తగ్గుతుంది.

మిర్యాలగూడ బైపీసీ:
ఇది నీట్ స్థాయి కాదు. పిల్లల్ని కంగారు పెట్టకండి.