ఊపిరితిత్తుల క్యాన్సర్: రక్తంలోని కణాల లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

గాజువాక నివాసి:
మా నాన్నగారికి చిన్న కణాల రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రిలో కీమో జరుగుతోంది. కణితి నుంచి విడిపోయి రక్తంలో తిరిగే కణాలను లెక్కపెట్టి జబ్బు ఎటు సాగుతుందో ముందే చెబుతారని బంధువులు అంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సీతమ్మధార, ల్యాబ్ ఉద్యోగి:
అమ్మా, ఇలాంటి కణాలను 1869లోనే థామస్ ఆష్‌వర్త్ అనే వైద్యుడు గుర్తించారు. వాటిని లెక్కించే సెల్‌సెర్చ్ పద్ధతికి అమెరికాలో 2004లో అనుమతి లభించింది. అయితే అది మొదట రొమ్ము క్యాన్సర్‌కు, తరువాత పెద్దపేగు, ప్రొస్టేట్ క్యాన్సర్లకు వచ్చిన అనుమతి. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో కోట్ల తెల్లకణాల నడుమ ఉన్న ఈ కొద్ది కణాలను, వాటి పైపొరలోని ఎపికామ్ అనే ప్రోటీన్‌కు అంటుకునే అయస్కాంత రేణువులతో వేరుచేస్తారు. ఆ ప్రోటీన్‌ను కోల్పోయిన కణాలు దొరకవు కనుక, సున్నా అని వచ్చినా రక్తంలో అవి లేవని నిర్ధారించలేము. మీ నాన్నగారి రకంలో ఇవి ఎక్కువగానే కనిపిస్తాయి. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, చికిత్సకు ముందు 50 లేదా అంతకన్నా ఎక్కువ కణాలున్నవారి ఆయుర్దాయం మిగిలినవారికన్నా తక్కువగా ఉంది. మొదటి విడత కీమో తరువాత ఆ సంఖ్య ఎలా మారిందన్నది కూడా ముఖ్యమని తేలింది. ఇవన్నీ గుంపు మొత్తానికి వర్తించే అంకెలు, ఒక్క మనిషి రోజులను లెక్కగట్టేవి కావు.

పెదవాల్తేరు గృహిణి:
మా అత్తగారిది చిన్న కణాలు కాని రకం. మాత్రలు పనిచేయడం మానేశాక మళ్లీ బయాప్సీకి ఆమె ఒంట్లో శక్తి లేకపోవడంతో, రక్తంలోని కణితి డీఎన్ఏలో, ఆ మాత్రలకు కణితి లొంగకుండా చేసే టీ790ఎమ్ అనే జన్యుమార్పు కోసం చూశారు. అది కనిపించింది, మందును ఒసిమెర్టినిబ్‌కు మార్చారు. కనిపించకపోతే మాత్రం ముక్క తీసి చూడక తప్పదని డాక్టరుగారు ముందే చెప్పారు.

మధురవాడ:
మా బాబాయికి రక్తంలో చూసే ఎన్‌ఎస్‌ఈ అనే క్యాన్సర్ సూచిక హఠాత్తుగా పెరిగిందని ఇల్లంతా కుంగిపోయాము. నమూనాలో ఎర్రకణాలు చిట్లినా ఆ విలువ పెరుగుతుందని తరువాత తెలిసింది. మళ్లీ తీసిన రక్తంలో పాత స్థాయే వచ్చింది.

గాజువాక నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. లెక్క ఎక్కువ వస్తే చికిత్స మారుస్తారా?

సీతమ్మధార, ల్యాబ్ ఉద్యోగి:
కేవలం ఆ లెక్కను బట్టి మార్చరమ్మా. రొమ్ము క్యాన్సర్‌లో ఆ ప్రయత్నం జరిగింది: మొదటి విడత తరువాత కూడా లెక్క తగ్గనివారికి వెంటనే వేరే కీమో ఇచ్చి చూశారు, ఆయుర్దాయం పెరగలేదని 2014లో ఫలితాలు వచ్చాయి. ఆ పరీక్షకు డబ్బు పెట్టేముందు, ఫలితం ఎలా వచ్చినా మందులో ఏమైనా మార్పు ఉంటుందా అని మీ డాక్టరుగారినే అడగండి.