ఆస్పిరిన్: 12 శాతం లాభం, 29 శాతం నష్టం... ఇవి రెండూ సమానం ఎట్లా అవుతాయి?

ఒంగోలుగిత్త:
అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి కంప్యూటర్ ముందే కూర్చున్నా, అన్నం కూడా ఇక్కడే తిన్నా, ఒక్క ముక్క తేలలేదు. నాన్నకి 72 ఏళ్ళు, షుగర్ ఉంది. ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్ మాత్రే) వాడతారు. ఈమధ్య ఎవరో వాట్సాప్‌లో "ఆస్పిరిన్ వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ" అని పంపారు. అప్పట్నుంచి మాత్ర ముట్టనంటున్నారు. ఫార్వర్డులు నమ్మడం ఎందుకు, అసలు పరిశోధన పత్రాలే చదువుదామని మొదలుపెట్టా. 2018లో వచ్చిన ఆసెండ్ అనే అధ్యయనం దొరికింది. 15,480 మంది, అందరూ షుగర్ ఉన్నవాళ్ళే. మనకి సరిగ్గా సరిపోయేదే.

అందులో గుండెపోటు, పక్షవాతం లాంటివి 12 శాతం తగ్గాయట, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయట. అంటే నష్టం రెండింతల పైమాటే కదా? కానీ చివర్లో లాభాన్ని నష్టం చాలావరకు చెరిపేసింది అన్నట్టు రాశారు, అంటే ఇంచుమించు సరికి సరి అనేగా. 12కీ 29కీ సరికి సరి ఏంటి? నాకు లెక్కలు రావా, వాళ్ళకి రావా? దయచేసి "డాక్టర్‌ని అడగండి" అని మాత్రం చెప్పొద్దు. అది నాకూ తెలుసు.

నైట్‌డ్యూటీ:
ఇంతకుముందు గుండెపోటు, స్టెంట్, బైపాస్, పక్షవాతం ఏమైనా ఉన్నాయా? ఆ మాత్ర అసలు ఎందుకు రాశారు?

లెక్కలమాస్టారు:
గిత్త గారూ, మీకు లెక్కలు వచ్చు, వాళ్ళకీ వచ్చు. మీరు శాతం చూశారు గానీ దేనిలో శాతమో చూడలేదు. ఆ పత్రంలోనే పట్టిక ఉంటుంది, ఒకసారి తెరవండి. మనం 1,000 మందిగా మార్చుకుందాం. పోలిక కోసం ఇచ్చిన, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 1,000 మందిలో దాదాపు ఏడున్నరేళ్ళలో 96 మందికి గుండెపోటు, పక్షవాతం వగైరా వచ్చాయి. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళలో 85 మందికి. 96లో 11 తగ్గాయి, అదే మీ 12 శాతం.

ఇప్పుడు రక్తస్రావం వరుస చూడండి. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 32 మంది, ఆస్పిరిన్ వాళ్ళలో 41 మంది. పెరిగింది 9. 32 మీద 9 అంటే ఇంచుమించు 29 శాతం. కాబట్టి 1,000 మంది ఏడేళ్ళకు పైగా రోజూ మాత్ర మింగితే 11 మందికి మేలు, 9 మందికి కీడు. మిగతా 980 మందికి మింగినా మింగకపోయినా తేడా లేదు. వడ్డీ ఎంత శాతమో చెప్పి అసలు ఎంతో చెప్పకపోతే బాకీ తెలుస్తుందా? పేపర్లవాళ్ళు రోజూ చేసేది ఇదే. లాభం చెప్పేటప్పుడు శాతం, నష్టం చెప్పేటప్పుడు "వెయ్యిలో తొమ్మిదిమందికి మాత్రమే" అంటారు. కావాలంటే దాన్ని తిరగేస్తారు. మా ఇంటర్ పిల్లలకి ఇది ఒక్కటి నేర్పితే చాలనిపిస్తుంది నాకు.

పాతకెమిస్టు:
మాస్టారు లెక్క బాగుంది. కానీ ఆ 32, 41 ఎవరు లెక్కపెట్టారో కూడా అడగాలి. లాభాన్ని అందరూ వెతుకుతారు, నష్టాన్ని ఎవరూ వెతకరు. వెతకనిది పట్టికలో ఎట్లా కనిపిస్తుంది?

రోఫెకాక్సిబ్ గుర్తుందా ఎవరికైనా? కీళ్ళ నొప్పులకి తెగ రాసేవాళ్ళు, మా కౌంటర్ మీద పట్టీలు పట్టీలుగా పోయేవి. 2000లో విగర్ అనే అధ్యయనం వచ్చింది. పాత మందు నాప్రోక్సెన్‌తో పోలిస్తే కడుపులో పుళ్ళు, రక్తస్రావాలు సగానికి తగ్గాయని గొప్పగా రాశారు. అదే పత్రంలో గుండెపోట్లు నాప్రోక్సెన్ వాళ్ళలో 0.1 శాతం, రోఫెకాక్సిబ్ వాళ్ళలో 0.4 శాతం. నాలుగింతలు! దానికి వాళ్ళిచ్చిన వివరణ ఏంటో తెలుసా? మా మందు హాని చేయలేదు, నాప్రోక్సెనే గుండెని కాపాడి ఉంటుంది అని. 2004 సెప్టెంబరులో కంపెనీయే మందుని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. డిసెంబరులో మన దేశంలోనూ నిషేధించారు. ఆ తర్వాత 2005లో విగర్‌ని అచ్చేసిన పత్రిక సంపాదకులే, మూడు గుండెపోట్లు పత్రంలో కలపలేదని బయటపెట్టారు. కాబట్టి ఏ పత్రం చదివినా ముందు డబ్బు ఎవరిదో చూడండి, తర్వాత లెక్కలు చూడండి.

లెక్కలమాస్టారు:
కెమిస్టు గారూ, ఆస్పిరిన్ మాత్ర ధర ఎంత? దాన్ని అమ్ముకోడానికి ఇంత కుట్ర ఎవరు చేస్తారండీ?

పాతకెమిస్టు:
ఆసెండ్‌లో మాత్రలు ఎవరు ఇచ్చారో చూసి మాట్లాడండి. కుట్ర అని నేను అనలేదు.

మందులచీటీ:
ఆసెండ్‌కి బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ ముఖ్యంగా డబ్బు పెట్టింది, మాత్రలు కంపెనీ ఇచ్చింది, చేసింది ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు. ఇవన్నీ పత్రంలోనే ఉన్నాయి, దాచలేదు. నాకున్న అభ్యంతరం వేరే. మాస్టారు 11 నుంచి 9 తీసేసి చూపిస్తున్నారు. ఆ 11లో ఏమేం ఉన్నాయి? గుండెపోటు, పక్షవాతం, రక్తనాళాల జబ్బుతో మరణం, వీటితో పాటు మినీ స్ట్రోక్ కూడా కలిపారు. అంటే కాసేపు మాట తడబడి, చెయ్యి తిమ్మిరెక్కి, మళ్ళీ మామూలైపోయేది. 9లో ఏమున్నాయి? తలలో రక్తస్రావం, చూపుకి ముప్పు తెచ్చే కంటి రక్తస్రావం, ఆస్పత్రిలో చేర్చాల్సినంత కడుపులో రక్తస్రావం. పెరిగినవాటిలో ఎక్కువ తలలోవి కావు, కడుపువీ మిగతా చోట్లవీ. ఒక మినీ స్ట్రోక్‌నీ ఒక రక్తపు వాంతినీ ఒకటికొకటి కొట్టేస్తారా?

లెక్కలమాస్టారు:
నేను తీసేయలేదమ్మా, పక్కపక్కన పెట్టాను. తూచేది మనిషి. పక్షవాతం వచ్చి మంచాన పడటం కంటే రెండు సీసాల రక్తం ఎక్కించుకుని ఇంటికి రావడం నయం అనుకునేవాళ్ళు ఉంటారు.

మందులచీటీ:
అందరూ ఇంటికి రారు సర్. "పెద్ద రక్తస్రావం" అన్న పేరు కింద ఏమేం చేర్చారో ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకదాని అంకె తీసుకుని ఇంకోదాని పక్కన పెట్టకూడదు అంటున్నా.

ఒంగోలుగిత్త:
మాస్టారూ, చాలా థాంక్స్, ఇప్పుడు వెలిగింది. మేలు 11, కీడు 9. అంటే రెండు మేలే ఎక్కువ కదా, వేసుకోవచ్చా మరి? మినీ స్ట్రోక్ సంగతి చదివి మళ్ళీ టెన్షన్ మొదలైంది.

గోదారిగాలి:
ఇంత చర్చ ఎందుకు? 72 ఏళ్ళు అన్నారుగా. 70 దాటినవాళ్ళ మీద ప్రత్యేకంగా చేసిన అధ్యయనమే ఉంది, పేరు ఆస్‌ప్రీ. అదీ 2018లోదే. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది. ఏడాదికి 1,000 మందిలో గుండె, రక్తనాళాల జబ్బులు 11.3 నుంచి 10.7కి తగ్గాయి, అంటే తేడా ఉందని చెప్పలేనంత. పెద్ద రక్తస్రావాలు 6.2 నుంచి 8.6కి పెరిగాయి. మరణాలు కూడా 11.1 ఉండాల్సింది 12.7 అయ్యాయి. అమెరికా నిపుణుల సంఘం 2022లో 60 దాటినవాళ్ళకి వద్దని చెప్పేసింది. ఆపేయండి, అంతే. నాన్నగారు చెప్పిందే కరెక్టు.

మందులచీటీ:
అన్నా, ఆ మరణాల అంకెని జాగ్రత్తగా తీసుకోవాలని రాసినవాళ్ళే చెప్పారు. తేడా ఎక్కువగా క్యాన్సర్ మరణాల్లో వచ్చింది, అంతకుముందు అధ్యయనాల్లో అట్లా కనపడలేదు. ఇక 2022 సిఫార్సు 60 దాటాక కొత్తగా "మొదలుపెట్టొద్దు" అంది. ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళని "ఆపేయండి" అనలేదు. రెండూ ఒకటి కావు.

గోదారిగాలి:
75 ఏళ్ళ దగ్గర ఆపే సంగతి ఆలోచించొచ్చని కూడా అన్నారు. చదివే చెప్తున్నా. మూడేళ్ళ ముందు ఆపితే కొంపలేం మునగవు.

హన్మకొండ:
ఆసెండ్‌లో 70 దాటిన షుగర్ వాళ్ళని విడిగా తీసి చూస్తే సరిపోదా? ఇంత గొడవ ఎందుకు?

లెక్కలమాస్టారు:
చూడొచ్చు. కానీ ముక్కలు చేసేకొద్దీ కాకతాళీయాలు పెరుగుతాయి. దీనికి ఆస్పిరిన్‌తోనే ఒక గొప్ప కథ ఉంది. 1988లో ఐసిస్-2 అని వచ్చింది, గుండెపోటు అనుమానంతో ఆస్పత్రికి వచ్చిన 17,187 మంది మీద. నెల రోజులు ఆస్పిరిన్ ఇస్తే, అయిదు వారాల్లో రక్తనాళాల జబ్బుతో మరణాలు 11.8 శాతం నుంచి 9.4కి దిగాయి. తిరుగులేని ఫలితం. పత్రిక వాళ్ళు మాత్రం వయసుల వారీగా, జబ్బుల వారీగా ముక్కలు చేసి చూపించమన్నారు. పరిశోధకులు సరే అని, పనిలో పనిగా పుట్టినరోజుని బట్టి రాశుల వారీగా కూడా లెక్కేసి పెట్టారు. మిథునం, తుల వాళ్ళకి ఆస్పిరిన్ కొంచెం కీడే చేసినట్టు వచ్చింది! మిగతా రాశులకి బ్రహ్మాండంగా పనిచేసింది. ముక్కల్లో వచ్చే ఫలితాలను ఎంతవరకు నమ్మాలో చెప్పడానికే అట్లా చేశారు. నాకు తెలిసి వైద్య పత్రికల్లో అంత ముచ్చటైన వెక్కిరింత ఇంకోటి లేదు.

హన్మకొండ:
హహ, నాది తులారాశే. అయితే నాకు ఆస్పిరిన్ పడదన్నమాట.

పాతకెమిస్టు:
వాళ్ళ రాశులు సూర్యుణ్ణి బట్టి, మనవి చంద్రుణ్ణి బట్టి. మీ తుల వాళ్ళ తుల కాదు.

ఒంగోలుగిత్త:
రాశుల సంగతి తర్వాత చూద్దాం సార్. గోదారిగాలి గారు చెప్పింది సూటిగా ఉంది. 70 దాటారు కాబట్టి వద్దు. నాన్నతో అదే చెప్తా. నేనే అనవసరంగా ఆయనతో వారం నుంచి వాదిస్తున్నా.

నైట్‌డ్యూటీ:
నా ప్రశ్నకి జవాబు రాలేదు. స్టెంట్ ఉందా లేదా?

ఒంగోలుగిత్త:
అదా సర్. 2017లో గుండెపోటు వచ్చింది, గుంటూరులో ఒక స్టెంట్ వేశారు. ఆ తర్వాత అంతా బాగానే ఉంది, రోజూ పొద్దున నడుస్తారు, పొలానికి వెళ్తారు. ఇప్పుడు గుండె సమస్య ఏమీ లేదు కాబట్టి రాయలేదు. మొదట్లో రక్తం పలచన చేసే ఇంకో మాత్ర కూడా ఉండేది, ఏడాది తర్వాత డాక్టరే ఆపించారు. ఇదీ అట్లాంటిదే అనుకున్నా.

నైట్‌డ్యూటీ:
అట్లాంటిది కాదు. పైన చెప్పిన అధ్యయనాలు రెండూ మీ నాన్నగారికి వర్తించవు. ఆసెండ్‌లో గుండెజబ్బు బయటపడినవాళ్ళని తీసుకోలేదు, ఆస్‌ప్రీలోనూ తీసుకోలేదు. 2022 సిఫార్సు కూడా గుండెజబ్బు లేనివాళ్ళకే. మాత్ర ఆపి వారం అయిందా? మలం నల్లగా రావడం, వాంతిలో రక్తం, కడుపులో పుండు లాంటివి ఏమైనా ఉన్నాయా? లేకపోతే మీ గుండె డాక్టరుకి రేపు ఉదయమే ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే ఉదయం దాకా ఆగొద్దు.

గోదారిగాలి:
స్టెంట్ ఉందని ముందే చెప్పాలి కదండీ! నేను చెప్పింది స్టెంట్ లేనివాళ్ళకి.

ఒంగోలుగిత్త:
ఎవరూ అడగలేదుగా.

హన్మకొండ:
మొట్టమొదటి జవాబు చదవండి అన్నా.

లెక్కలమాస్టారు:
అయితే నా 11, 9 కూడా పక్కన పెట్టేయండి. మీకు కావాల్సింది 2009లో వచ్చిన సమీక్ష. అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లోని ఒక్కొక్క మనిషి వివరాలూ తెప్పించి, గుండెజబ్బు అంతకుముందు లేనివాళ్ళని ఒక పక్క, వచ్చినవాళ్ళని ఒక పక్క పెట్టి లెక్కేశారు. లేనివాళ్ళలో ఏడాదికి గుండెపోటు, పక్షవాతం వగైరా 0.57 శాతం నుంచి 0.51కి తగ్గాయి. ఒకసారి వచ్చినవాళ్ళలో 8.2 నుంచి 6.7కి. శాతాల తగ్గుదలగా చూస్తే 12, 19. పెద్ద తేడా లేనట్టు కనిపిస్తుంది. మనుషులుగా చూడండి. 10,000 మందికి ఏడాదికి మొదటివాళ్ళలో 6 తప్పాయి, రెండోవాళ్ళలో 150 తప్పాయి. రక్తస్రావం ముప్పు రెండు చోట్లా ఉంది, కానీ ఆ 150 ముందు అది చిన్నది.

మందులచీటీ:
ఆ రెండో గుంపు అధ్యయనాలు చాలావరకు పాతకాలానివి సర్, కొలెస్ట్రాల్ తగ్గించే ఇప్పటి స్టాటిన్ మాత్రలు లేనప్పటివి. ఇవాళ 8.2 ఉండకపోవచ్చు. అయినా స్టెంట్ ఉన్నాయనకి ఇష్టమొచ్చినట్టు ఆపేయడం తప్పే. గిత్త గారూ, నాన్నగారు మాత్ర వద్దనడానికి కారణం వాట్సాప్ ఒక్కటేనా? కడుపులో మంట లాంటిది ఉందేమో కనుక్కోండి. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు అసలు సంగతి ఇంట్లో చెప్పరు.

పాతకెమిస్టు:
మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి ఏదైనా వేసుకుంటున్నారేమో కూడా చూడండి. నొప్పి మాత్రా, ఆస్పిరినూ కలిస్తే కడుపు పని అయిపోతుంది. రోఫెకాక్సిబ్ పుట్టిందే ఆ గొడవ తప్పించడానికి, నేను ముందే...

నైట్‌డ్యూటీ:
ఇది మంచి ప్రశ్న. ఇదే డాక్టరుకి చెప్పండి.

ఒంగోలుగిత్త:
అందరికీ థాంక్స్. పొద్దున డాక్టరుతో మాట్లాడా. ఎకోస్ప్రిన్ ఈరోజే మళ్ళీ మొదలుపెట్టమన్నారు, ఒక గ్యాస్ మాత్ర కూడా రాశారు, వచ్చే వారం రమ్మన్నారు. మంట ఉన్న మాట నిజమేనట, అమ్మకి తెలుసట. నొప్పి మాత్రల పట్టీ ఒకటి బీరువాలో దొరికింది, తీసేశా. ఉంటా, కరెంటు పోయేలా ఉంది.

లెక్కలమాస్టారు:
సంతోషం. చీటీ గారూ, పాతకాలం అధ్యయనాలన్నారు కదా, ముప్పు తగ్గితే లాభం తగ్గుతుంది సరే, రక్తస్రావం మాత్రం ఎందుకు తగ్గదు? గ్యాస్ మాత్రలు కూడా ఇప్పుడే కదా వచ్చాయి?

మందులచీటీ:
ఆసెండ్‌లోనే నాలుగో వంతు మంది దాకా గ్యాస్ మాత్ర వాడుతున్నారు సర్ చివరికొచ్చేసరికి. అయినా 9 పెరిగాయి. డ్యూటీ అయ్యాక రాస్తా.

సీతాకోక:
అందరికీ నమస్తే, ఇప్పుడే చదివాను. మా అత్తగారికి స్టెంట్ లేదు, బీపీ మాత్రమే. ఎకోస్ప్రిన్ 150 రాశారు. ఆవిడకి ఏ లెక్క వర్తిస్తుంది?

నైట్‌డ్యూటీ:
వేరే పోస్టు పెట్టండి. వయసు, పాత జబ్బులు, వాడే మందులన్నీ రాయండి.