రద్దీ వేళ విద్యుత్ వాడకాన్ని మరో వేళకు జరిపితే కొత్త కేబుళ్ల అవసరం తీరుతుందా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

స్థానిక పంపిణీ లైన్ల మీద ఒత్తిడి పెరిగిన చోట పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, కొత్త కేబుళ్లు వేసే బదులు, వినియోగదారులే తమ వాడకాన్ని మరో వేళకు జరుపుకుంటే వారికి డబ్బు చెల్లించాలనే వాదన బలపడుతోంది. పంపిణీ సంస్థలు ఇలాంటి సేవలను కొనుక్కునేలా ప్రోత్సహించాలని ఐరోపా సమాఖ్య 2019లోనే తన విద్యుత్ మార్కెట్ ఆదేశంలో సభ్యదేశాలకు చెప్పింది. నాకు మాత్రం ఇది పెట్టుబడి పెట్టవలసిన సంస్థ తన బరువును మన భుజాల మీదికి మార్చుకోవడంలాగే కనిపిస్తోంది. విద్యుత్ కారు, బ్యాటరీ ఉన్న ఇంటికి జరుపుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మంచం పట్టిన మనిషి ఉన్న ఇల్లు దేన్ని జరుపుకోవాలి?

పంపిణీ ఇంజినీరుగా పనిచేస్తున్న సభ్యుడు:

మీ చివరి ప్రశ్న న్యాయమైనదే. అయితే మొదటి అనుమానం తలకిందులుగా ఉంది. చాలా దేశాల నియంత్రణ పద్ధతిలో పంపిణీ సంస్థకు రాబడి వచ్చేది పెట్టిన మూలధనం మీదే కాబట్టి, కేబుల్ వేయడమే దానికి లాభం. వేయకుండా నెట్టుకురావడానికి దానికి పెద్దగా ఆసక్తి ఉండదు.

ఇక రద్దీ అంటే ఏమిటో ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి చూద్దాం. దాని సామర్థ్యం 100 కిలోవాట్లు అనుకోండి. దాని కింది ఇళ్లలో సాయంత్రం 75 కిలోవాట్ల వాడకం ఉంది. మొత్తం 15 కార్లున్నా, ఒక్కొక్కరు ఒక్కో వేళకు ఇంటికి చేరతారు కాబట్టి ఏ క్షణంలోనైనా 7 కిలోవాట్ల చొప్పున ఆరు మాత్రమే ఛార్జ్ అవుతున్నాయి. మొత్తం 117. దాని లోపలి తీగ చుట్లలో (వైండింగులలో) పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 17 శాతం అదనపు లోడుకు దాదాపు 37 శాతం అదనపు వేడి పుడుతుంది. ఆ తీగలకు చుట్టే మామూలు ఇన్సులేషన్ కాగితం విషయంలో ఉష్ణోగ్రత 6 డిగ్రీలు పెరిగితే అది పాడయ్యే వేగం రెట్టింపవుతుందని మేము లెక్క వేసుకుంటాం. నూనె నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి ఒక అరగంట ఓవర్‌లోడును ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుంది. రోజూ మూడు నాలుగు గంటలంటే మాత్రం దాని ఆయుష్షు తరిగిపోతుంది.

ఇక్కడ ఎవరినీ పొయ్యి ఆర్పమని అడగనక్కరలేదు. ఒక్కో కారుకు ఆ రాత్రి కావలసింది 8 యూనిట్లు అనుకుంటే మొత్తం 120 యూనిట్లు. రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు ఇళ్ల వాడకం 30 కిలోవాట్లకు పడిపోతే, అదే ట్రాన్స్‌ఫార్మర్‌లో 490 యూనిట్లకు చోటు ఖాళీగా ఉంటుంది.

మరో సభ్యురాలు:

అలాంటప్పుడు ఒప్పందాలు, నియంత్రణలు దేనికి? రాత్రి 11 తర్వాత ధర తగ్గిస్తే జనమే జరుపుకుంటారు కదా.

పంపిణీ ఇంజినీరు:

జరుపుకుంటారు, అందరూ ఒకేసారి. సాయంత్రం ఆరు కార్లే ఛార్జ్ అవుతుంటే, 11 కొట్టగానే టైమర్లు పెట్టుకున్న 15 కార్లూ మొదలవుతాయి. 105కు 30 కలిపితే 135 కిలోవాట్లు, అంటే సాయంత్రంకన్నా ఎక్కువ. ఎవరి వేళ వారిది కావడం వల్ల దొరికిన వెసులుబాటును చవక ధర ఊడబెరికేస్తుంది. వేళను బట్టి మారే ధర మొత్తం గ్రిడ్‌కు మేలు చేస్తూనే ఒక వీధికి కీడు చేయగలదు, ఎందుకంటే ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏముందో ధరకు తెలియదు. అదే కారణంగా, రెండు సబ్‌స్టేషన్ల అవతల ఉన్న బ్యాటరీ ఎంత పెద్దదైనా ఈ 117 కిలోవాట్లలో ఒక్కటి కూడా తగ్గించలేదు.

వాడకం తగ్గించినవారికి డబ్బు చెల్లించే స్థానిక మార్కెట్ల మీదా నాకు పూర్తి నమ్మకం లేదు. ఒక ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీద లోడు తగ్గించగలిగిన కర్మాగారం ఒక్కటే ఉంటే అది చెప్పిందే ధర. పైగా తగ్గించినదానికి డబ్బు ఇవ్వాలంటే, తగ్గించకపోతే ఎంత వాడేవారో ఊహించాలి; ఆ ఊహను ముందుగానే పెంచి చూపించుకోవడం కష్టమేమీ కాదు. 2000-01 నాటి కాలిఫోర్నియా సంక్షోభంలో కొందరు వ్యాపారులు లేని రద్దీని కాగితాల మీద సృష్టించి, దాన్ని తొలగించినందుకు డబ్బు తీసుకున్నారు.

నాకు నచ్చింది జర్మనీ పద్ధతి. అక్కడ 2024 జనవరి 1 నుంచి కొత్తగా పెట్టే కారు ఛార్జర్లు, హీట్ పంపుల (ఇంటిని వెచ్చబరిచే విద్యుత్ యంత్రాల) వంటి వాటిని, లైను నిజంగా ఓవర్‌లోడ్ అయ్యే ప్రమాదం ఉన్నప్పుడు పంపిణీ సంస్థ తాత్కాలికంగా తగ్గించవచ్చు. ఒక్కో పరికరానికి సాధారణంగా 4.2 కిలోవాట్లు తప్పక అందాలి. బదులుగా నెట్‌వర్క్ రుసుములో తగ్గింపు ఇస్తారు. ఇంట్లోని మిగతా వాడకం జోలికి పోరు. మీరు అడిగిన మంచం పట్టిన మనిషి ఇంటికి ఈ నియమం వల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

కార్ల విషయంలో ఒప్పుకుంటున్నాను. మీ లెక్క కాదనలేనిది. అయినా అది ఒక్క రాత్రి లెక్క. అదే వీధిలో కార్లు 15 నుంచి 40కి పెరిగి, వాటికి శీతాకాలపు హీట్ పంపులు తోడైతే, రాత్రి మిగిలే చోటు కూడా నిండిపోతుంది. నెదర్లాండ్స్‌లో వేలాది సంస్థలు కనెక్షన్ కోసం వరుసలో ఉన్నాయి. వాడకాన్ని సర్దడానికి అక్కడి నెట్‌వర్క్ సంస్థలు ఉమ్మడిగా గోపాక్స్ అనే వేదికను 2019లోనే మొదలుపెట్టినా వరుస తరగలేదు.

పంపిణీ ఇంజినీరు:

తరగదు కూడా. కేబుల్‌కు స్థలం, అనుమతులు, పనివాళ్లు దొరకడానికి ఏళ్లు పట్టేటప్పుడు ఆ ఏళ్లను నెట్టుకురావడానికే వాడకాన్ని జరపడం పనికొస్తుంది. ఏటా పెరిగే లోడుకు ఇది మందు కాదు. సంవత్సరంలోని 8,760 గంటల్లో కొద్ది గంటలే మితిమీరే చోట మాత్రం కేబుల్ కన్నా ఇదే మేలు.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

అలాగైతే నా అభ్యంతరాన్ని రెండు షరతులకు కుదిస్తాను. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని గంటలు నియంత్రణ విధించారో సంస్థ బయటపెట్టాలి. ఆ గంటలు ఒక హద్దు దాటితే ఫలానా తేదీలోగా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చి తీరాలి.

పంపిణీ ఇంజినీరు:

మొదటిది రేపే చేయవచ్చు, మీటర్లు ఉన్న చోట. చాలా వీధి ట్రాన్స్‌ఫార్మర్లకు ఇప్పటికీ ఆ మీటర్లే లేవు.