తాగి నడిపితే పదివేలు చాలా? లైసెన్సే లాగేసుకోవాలా?

బెజవాడ_బుల్లెట్:
2019 సెప్టెంబర్ 1కి ముందు తాగి బండి నడుపుతూ మొదటిసారి దొరికితే జరిమానా 2,000 లోపే. చట్టం సవరించి దాన్ని 10,000 చేశారు. ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. రెండోసారైతే 15,000, జైలు రెండేళ్ల దాకా. అయినా శనివారం రాత్రి బందరు రోడ్డు మీద నడిపేవాళ్లని చూస్తే ఎవడికీ భయం ఉన్నట్టు లేదు. మొదటిసారికే ఏడాదిపాటు లైసెన్స్ తీసేయాలంటాను. మీరేమంటారు?

ఆటోనగర్_స్పానర్:
కారున్నోడు డ్రైవర్ని పెట్టుకుంటాడు అన్నా. ఆటో తోలేవాడు ఏం పెట్టుకోవాలి? పదివేలు కూడా అంతే. ఒకడికి అది ఒక రాత్రి బార్ బిల్లు, ఇంకొకడికి ఇంటద్దె, ఫైనాన్స్ వాయిదా. తప్పు చేస్తే కట్టాల్సిందే, కాదనను. కానీ బతుకుతెరువు మీద కొట్టొద్దు.

గుణదల_అక్క:
తమ్ముడూ, ఆ ఆటోలో ఎక్కినవాళ్ల బతుకుతెరువో? మా మరిదిని ఏలూరు రోడ్డులో తాగినవాడొకడు గుద్ది నాలుగేళ్లయింది. కాల్లో రాడ్డు ఇంకా ఉంది. ఇప్పటికీ గోడ పట్టుకుని, రెండు కాళ్లూ ఒక మెట్టు మీద పెట్టాకే పై మెట్టుకి వెళ్తాడు. మిఠాయి కొట్లో రోజంతా నిలబడి చేసే పని పోయింది. గుద్దినవాడు మాత్రం అదే బండి మీద మా వీధిలోంచే తిరుగుతున్నాడు.

నల్లకోటు_గుంటూరు:
రెండు మాటలు. ఒకటి, ఇది రోడ్డు మీద చలానా కట్టి వెళ్లిపోయే కేసు కాదు, కోర్టుకి వెళ్లాల్సిందే. లైసెన్స్‌ని పక్కన పెట్టించే అధికారం కోర్టుకి ఇప్పటికే ఉంది, కొత్త చట్టం అక్కర్లేదు. రెండు, హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. "ఒక్క బీరే కదా సార్" అనేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఒళ్లు తేలికగా ఉన్నవాడికి ఆ ఒక్కటే చాలు. సోంపు నమిలినా మిషన్ ఊరుకోదు, అది చూసేది వాసన కాదు. పైగా తాగి ఎక్కడైనా గుద్దావంటే సొంత బండి రిపేరుకి ఇన్సూరెన్స్ ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోదు. ఆ దెబ్బ పదివేలకంటే పెద్దది.

వారధి_దాటి:
శిక్ష పెంచితే భయం రాదు, దొరుకుతాననుకుంటేనే వస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసులు మిషన్‌లో ఊదిస్తున్నారంటే పది నిమిషాల్లో వాట్సాప్‌లో మెసేజ్: "ఫ్లైఓవర్ కింద ఉన్నారు, పటమట సందులోంచి రండి". మొన్న అలాగే ఒకడు లైట్లు ఆర్పేసి సందులోకి తిరిగాడు, ఆ మూల పాల ప్యాకెట్లు దించుతున్న కుర్రాడికి జానెడు దూరంలో. పెద్ద కూడలి ఒక్కదాని దగ్గరే గంటలకొద్దీ నిలబడే బదులు అరగంటకో చోటు మారుస్తూ ఉంటే ఎక్కడున్నారో చెప్పడం ఏ గ్రూపు వల్లా కాదు.
ఇంకోటి. 2024 అక్టోబర్‌లో రాష్ట్రంలో 3,396 ప్రైవేటు మద్యం షాపులకి లైసెన్సులిచ్చారు, రాత్రి పది దాకా తెరిచే ఉంటాయి. అక్కడికి బండి మీద వచ్చినవాడు దేని మీద ఇంటికెళ్తాడో ఎవరూ అడగరు.

బెజవాడ_బుల్లెట్:
చోటు మార్చాలన్నది బాగుంది. ఏడాది మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఆటోవాళ్లకి మూడు నెలలంటే ఒప్పుకుంటా.

గుణదల_అక్క:
ఆ వాట్సాప్ గ్రూపు నడిపేవాళ్ల మీద ముందు కేసు పెట్టాలి.

ఆటోనగర్_స్పానర్:
అక్కా, అందులో మా స్టాండువాళ్లంతా ఉన్నారు. అబద్ధమెందుకు, నేనూ ఉన్నాను.