3 వేల లోపు స్పిన్నింగ్ రీల్: బేరింగులు ఎక్కువుంటే మంచిదేనా?

చంద్రగిరి కుర్రోడు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ వెదురు కర్రకు దారం, బెండు కట్టుకుని జిలేబీ చేపలు పడుతున్నా. ఇప్పుడు రీలు కొందామని. నా దగ్గరున్నది 3 వేలు, అంతకుమించి కుదరదు. తిరుపతిలో ఒక అంగట్లో రాడ్డు, రీలు, దారం అన్నీ కలిపి సెట్టు 1,400 అన్నారు, ఆ రీలు మీద 12+1 బేరింగులు అని రాసుంది. పక్కనే షిమానో సియెన్నా ఉంది, రీలు ఒక్కటే 2,600, దానికి బేరింగులు 3+1. డబ్బు ఎక్కువ పెట్టి బేరింగులు తక్కువ కొనడమేందిరా అంటాడు మా బావ. నాకూ అర్థం కాలేదు. పట్టేది రాయలచెరువులో, ఎప్పుడైనా పిచ్చాటూరు అరణియార్ దగ్గర. ఏది తీసుకోమంటారు?

చెరువుగట్టు:
తమ్ముడూ, సెట్టే తీసుకో. పిండి ముద్ద వేసి గట్టు మీద కూర్చునే మనకు రీలుతో పనెంత? విసరాలి, తగిలితే చుట్టాలి, అంతే కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా 20 సార్లు విసిరితే ఎక్కువ. నాది 900 రూపాయల సెట్టు, మూడేళ్లయింది, ఇంకా తిరుగుతోంది, కిలో కిలోన్నర శీలావతులు దాంతోనే తీశాను. మిగిలిన డబ్బుతో మంచి దారం, మంచి గాలాలు కొనుక్కో. చేప పోయేది ముడి జారో గాలం మొద్దుబారో పోతుంది. పైగా కొత్తవాడివి, రీలును ఇసుకలో పెడతావు, నీళ్లలో ముంచుతావు, ఖరీదైంది అట్లా పాడవుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పిచ్చాటూరు పాత గాలం:
గాలం గురించి, ముడి గురించి అన్న చెప్పింది నిజం. రీలు గురించి చెప్పింది మాత్రం నేను ఒప్పుకోను.

నాలుగేళ్ల కిందట నేనూ బేరింగుల లెక్క చూసే ఒక చవక రీలు కొన్నా, 10+1 అని రాసుండేది. అంగట్లో తిప్పితే వెన్నలాగా తిరిగింది. ఒకరోజు తెల్లారుజామున అరణియార్‌లో బొచ్చె తగిలింది, తగిలిన తీరులోనే తెలిసిపోయింది పెద్దదని. అది లాగుతుంటే దారం సాఫీగా వదలాల్సిన డ్రాగ్ కాసేపు బిగుసుకుపోతుంది, ఉన్నట్టుండి వదులుతుంది, మళ్లీ బిగుసుకుంటుంది. అట్లా మూడో కుదుపుకు దారం తెగింది. ముడి దగ్గర కాదు, మధ్యలో తెగింది. ఇంటికొచ్చి దారం చుట్టుకునే స్పూల్ విప్పి చూస్తే లోపల డ్రాగ్‌కు పలచటి వాషర్ ఒక్కటే, అదీ ఎండి గట్టిపడిపోయింది. పది బేరింగులూ బాగానే ఉన్నాయి, కానీ చేప లాగేటప్పుడు వాటికి పనే లేదు.

బాల్ బేరింగు చేసేది తిరిగే చోట రాపిడి తగ్గించడం. ఆ +1 అనేది సాధారణంగా పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగు. చేపతో పోరాడేది డ్రాగ్, బరువు మోసేది లోపలి గేర్లు. మూత సరిగా లేని చవక బేరింగులు పన్నెండున్నా, ఒకసారి బురదనీళ్లు పోతే తుప్పు పట్టి గరగరలాడతాయి.

కాబట్టి కుర్రోడా, అంగట్లోనే చూసుకో. స్పూల్‌కు దారం చుట్టించి, డ్రాగ్ సగం బిగించి, చేత్తో మెల్లగా లాగు. ఎక్కడా ఆగకుండా ఒకే బలంతో రావాలి. తర్వాత పిడి పట్టుకుని అటూఇటూ ఊపితే లొడలొడలాడకూడదు. దారాన్ని పట్టి స్పూల్ మీదికి చుట్టే బెయిల్ తీగ మీద దారం జారే చిన్న చక్రం ఉంటుంది చూడు, అది వేలితో తిప్పితే తిరగాలి, తిరక్కపోతే దారం మెలికలు పడి నీకు నరకం. సైజు, అంటే రీలు మీద కంపెనీ వేసే నంబరు, 2500 గానీ 3000 గానీ చాలు, గేర్ 5:1 దగ్గర ఉంటే, అంటే పిడి ఒక చుట్టు తిప్పితే బెయిల్‌ను తిప్పే రోటర్ 5 చుట్లు తిరిగేదైతే, మన చెరువులకు సరిపోతుంది.

చెరువుగట్టు:
బొచ్చె పోయిందని చెప్తే నాకూ బాధగానే ఉంది. కానీ ఆ అబ్బాయి పట్టేది జిలేబీ. డ్రాగ్ బాగాలేకుంటే వదులుగా పెట్టుకుని స్పూల్ అంచును వేలితో అదుముతూ ఆపుకోవచ్చు, నేను చేసేది అదే. ఇంకోటి, నువ్వు చెప్పే మంచి రీలు చెడిపోతే దాని స్పేర్లు మన ఊళ్లో దొరుకుతాయా? రెండూ పారేయాల్సినవే అయినప్పుడు తక్కువది పోతేనే మేలు.

పిచ్చాటూరు పాత గాలం:
వేలితో అదమడం నీకు మూడేళ్ల అలవాటన్నా. మొదటి పెద్ద చేప తగిలినప్పుడు కొత్తవాడికి చేతులు వణుకుతాయి, వేలెక్కడ పెట్టాలో గుర్తుంటుందా? స్పేర్ల మాట ఒప్పుకుంటా. కానీ ఈ అబ్బాయి జిలేబీలతో ఆగడు, ఎవరూ ఆగరు. రేపు కొర్రమీను మీదికి మనసు పోతుంది, గుర్రపుడెక్క పక్కన ఎరగా రబ్బరు కప్ప వేస్తూ రోజుకు వంద, రెండొందల సార్లు విసిరి చుట్టాలి. పిండి ముద్దకు పనికొచ్చిన రీలు ఆ పనికి ఆగదు.

చంద్రగిరి కుర్రోడు:
ఈరోజు అంగడికి పోయి మీరు చెప్పినట్టే లాగి చూశా. సెట్టు రీలు కుదుపులు కుదుపులుగా వచ్చింది. అదే మోడల్ ఇంకోటి తీయించి చూస్తే అది కాస్త నయం. ఒకే రకం రెండు రీళ్లు రెండు రకాలుగా ఉంటే దేన్ని నమ్మాలో తెలీలేదు. సియెన్నా 2500 తీసుకున్నా. బావ దగ్గర పాత ఫైబర్ రాడ్డుంది, ప్రస్తుతానికి దాంతోనే. మిగిలిన 400తో మోనో దారం (ఒంటిపోగు నైలాన్), గాలాలు కొన్నా గట్టన్నా, నీ మాటా విన్నా. దారం స్పూల్ అంచు దాకా నింపేయొచ్చా?

చెరువుగట్టు:
నిండా చుట్టొద్దు తమ్ముడూ, అంచుకు 2 మిల్లీమీటర్లు తక్కువుండాలి. లేదంటే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడి చిక్కుపడుతుంది. విసిరాక బెయిల్ చేత్తోనే మూయి. చేప లాగుతూ డ్రాగ్ జారుతున్నప్పుడు పిడి తిప్పొద్దు, మెలికలన్నీ అక్కడే పడతాయి. ఇంటికి రాగానే డ్రాగ్ వదులు చేసి పెట్టు. చెరువును మత్స్యకారుల సంఘం లీజుకు తీసుకునుంటే వాళ్లనడిగే గాలం వేయి, వాళ్లు పిల్లలు వదిలి పెంచుకునే చేపలవి. ఆదివారం నేను అక్కడే ఉంటా, రీలు పట్టుకునిరా.

పిచ్చాటూరు పాత గాలం:
ఆదివారం నేనూ వస్తా. గట్టన్నా, నీ 900 రీలు కూడా తెచ్చుకో, దాని డ్రాగ్ విప్పి వాషర్ మారుద్దాం.